మూడు గాట్ల మాను

"పోయి వల తెచ్చుకోరా! ఈ మాత్రం గాలికే కొంపలో కూసుంటే ఇంక నువ్వేం మగోడివి?" అని కొడుకును సముద్రం మీదికి తోలింది నాగులమ్మే. ఇంకెవరూ కాదు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఆ తర్వాత ఎనిమిది రోజులూ నాగులమ్మ లోపల లోపల నమిలి మింగింది ఈ ఒక్క మాటనే.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన మరుసటి ఏడు, మార్గశిర మాసం, సోమవారం పొద్దు. అల్లూరు నుంచి తూర్పుగా నడిచి, కాలవ దాటి, ఇసక దిబ్బలెక్కి దిగితే ఉప్పుగుంటపాలెం. నలభై తాటాకు గుడిసెలు, అంతే. అందులో ఉత్తరపు కొసన ఉండేది నాగులమ్మ గుడిసె. మొగుడు పోయి పదేళ్లయింది. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు చిన్నపోలయ్య, నెలలు నిండిన కోడలు చెంచమ్మ.

చిన్నపోలయ్య ఆదివారం సందకాడ సముద్రంలో వల వేసి, పొద్దున్నే తీసుకొద్దామని వచ్చేశాడు. తెల్లారేసరికి ఉత్తరం దిక్కు నల్లబడి ఉంది. గాలి ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. చెంచమ్మ వాకిట్లో నిలబడి ఆకాశం చూసింది.

"వద్దత్తా. ఆ దిక్కు చూడు, మసిగుడ్డ మాదిరి ఎట్టుండాదో. వల పోతే పోనీ."

"పోనీనా? ఎంత తేలిగ్గా అనేసినావే తల్లీ! ఆ వల అల్లడానికి నా కళ్లు పొయినాయి. మీ మామ ఇంతకు పదింతల గాలిలో పొయ్యొచ్చినాడు, తెలుసా?"

చిన్నపోలయ్య నవ్వాడు. పెళ్లాం మాటా తల్లి మాటా రెండూ విని, చివరికి తల్లి మాటే చేసే రకం వాడు. ఇసకలో ఆరేసిన మానులు మూడింటినీ దొర్లించుకొచ్చి, కొబ్బరితాడుతో బిగించి తెప్ప కట్టాడు. ఒక్క మనిషికి సరిపోయే చిన్న తెప్ప.

ఆ పాలెంలో తెప్ప ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, మాను మానూ విడదీసి ఆరబెడతారు. నలభై ఇళ్ల మానులూ ఒకే ఇసకలో పడుంటాయి గనక ఎవరివి వాళ్లకు తెలియడానికి మాను తలకాయన బాడిసెతో గుర్తు చెక్కుకుంటారు. నాగులమ్మ ఇంటి గుర్తు మూడు గాట్లు. మొదటిది మామది, రెండోది మొగుడిది. తెప్ప చేతికొచ్చిన ఏడాది చిన్నపోలయ్య తన గాటు తాను పెట్టుకున్నాడు. వాడి చెయ్యి బరువు, అందుకే మూడో గాటు మిగతా రెండింటికంటే లోతుగా, రవ్వంత వంకరగా ఉంటుంది. మాను పాతబడి కొత్తది తెచ్చినా గాట్లు మాత్రం అట్లాగే చెక్కుతారు. "నాలుగోది నా మనవడు పెడతాడు" అని నాగులమ్మ కనపడినవాళ్లందరికీ చెప్పేది. ఆడబిడ్డ పుడితేనో అని ఎవరైనా అంటే వాళ్లమీద ఒంటికాలి మీద లేచేది.

వాడు తెడ్డు వేసుకుంటూ అలలు దాటిపోయాడు. పొద్దు బారెడెక్కిందో లేదో, గాలి లేచింది.

గాలంటే గాలా అది! ఈదురుగాలి. ఉత్తరాన్నుంచి ఊపిరి తిప్పుకోకుండా కొట్టింది. గాలివాన అయితే వచ్చి రెండు రోజుల్లో చేసే నాశనమేదో చేసి పోతుంది. ఇది పోదు. వాన చుక్క లేదు, ఉరుము లేదు, ఒకటే చలి, ఒకటే ఇసక. కూట్లో ఇసక, కళ్లల్లో ఇసక, పండుకున్న చాపలో ఇసక. గుడిసెల కప్పులు ఎగిరిపోకుండా పాత వలలు కప్పి తాళ్లతో గుంజలకు కట్టారు. పిల్లలకు గోనెసంచులు తొడిగి నడుముకు తాళ్లు బిగించారు. సముద్రం మీద అలలు తాటిచెట్టెత్తు లేస్తుంటే, తెప్ప కాదు గదా, చూపు కూడా దాటి పోవడం లేదు.

మధ్యాహ్నానికి మగవాళ్లందరూ ఒడ్డున చేరారు. పాలెం పెద్దకాపు ముత్యాలయ్య నాలుగుసార్లు తెప్ప తోయించి చూశాడు. నాలుగుసార్లూ అల దాన్ని వెనక్కి విసిరికొట్టింది. ఒకడికి భుజం తప్పింది. "గాలి తగ్గాల. అంతే. మనం చెయ్యగలిగింది ఏం లేదు" అని ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

నాగులమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి పొయ్యి ఎగదోసింది. అది ఆ పాలెం ఆచారం. మగవాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంట్లో పొయ్యి చల్లారకూడదు. వచ్చినవాడికి వేణ్ణీళ్లు ఆ పొయ్యి మీదే కాగాలి. మనిషి ఇంక రాడని తేలిననాడు పెద్దకాపు వచ్చి చెబుతాడు. అప్పుడు ఆ ఇంటి ఆడది కడవతో సముద్రం నీళ్లు తెచ్చి తన చేత్తో పొయ్యి ఆర్పాలి. అప్పటిదాకా వాడు బతికున్నట్టే లెక్క.

మంగళవారం గడిచింది. బుధవారం గడిచింది. పొయ్యి మండుతూనే ఉంది. కానీ కట్టెలో! సరుగుడు తోపు అల్లూరు దారిలో రెండు మైళ్లు, ఆ గాలికి ఎదురు నడిచిపోయే మొనగాడు లేడు. ఇంటి చుట్టూ ఉన్న తాటిమట్టలు అయిపోయాయి, విరిగిన రోకలి అయిపోయింది, కోళ్లగంప అయిపోయింది. మంచం కోళ్లు కూడా పెట్టేసింది నాగులమ్మ. ఇరుగుపొరుగు మొదటి రెండు రోజులూ తలా నాలుగు పుల్లలు ఇచ్చారు. మూడోనాడు వాళ్ల పిల్లలే చలికి కొంకర్లు పోతుంటే ఎవరు మాత్రం ఏమిస్తారు?

పక్క గుడిసె కామమ్మ మంత్రసాని. ఆ పాలెంలో సగం మంది ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే. బుధవారం సాయంత్రం వచ్చి చెంచమ్మ కడుపు తడిమి చూసి, నాగులమ్మను వాకిట్లోకి పిలిచింది.

"వదినా, ఈ రోజో రేపో అన్నట్టుండాది. చెప్తా ఉండా, గుర్తు పెట్టుకో. పోయినసారి వాళ్ల నాయన పొయినాడని ఎవరో వచ్చి దభీమని చెప్పబట్టే గదా, ఆరో నెలలో కడుపు పొయింది? ఈసారి చెడ్డమాట ఏదీ దాని చెవిన పడకూడదు. పురుడయ్యేదాకా ఎట్టనన్నా దాచాల."

"దాచేదానికి ఏముండాదే? వాడు వస్తాడు" అంది నాగులమ్మ.

కామమ్మ చెంగు తలమీదికి లాక్కుని గాల్లోకి వెళ్లిపోయింది.

గురువారం ఇంకా వెలుగు సరిగా రాకముందే నాగులమ్మ గొడ్డలి తీసుకుని ఒడ్డుకు పోయింది. పోటుకు ఏదైనా కట్టె కొట్టుకొచ్చి ఉంటే ఇంకొకరు చూసేలోపల తెచ్చుకోవాలని. గాలికి మొహం తిప్పుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంగి వంగి నడిచింది. పాలెం దాటి కొంతదూరం పోయాక, నాచులో చుట్టుకుని ఒక మాను కనపడింది. నడిమికి విరిగిన మాను, మనిషి పొడవు ఉంటుంది. కొబ్బరితాడు ముక్క ఇంకా దాన్ని అంటిపెట్టుకునే ఉంది. నాగులమ్మకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులకు చాలే కట్టె! నాచు పీకేసి, తలకాయ పట్టి దొర్లించబోయింది. వేళ్లకు గాట్లు తగిలాయి.

ఒకటి, రెండు, మూడు. మూడోది లోతుగా, రవ్వంత వంకరగా.

ఆ మాను పక్కనే కూర్చుండిపోయింది. అల వచ్చి ఒళ్లు తడిపిపోతున్నా లేవలేదు. అరవబోతే నోట్లోకి ఇసక పోయింది. "నేనే కదరా నాయనా, పొమ్మనింది నేనే కదరా" అని ఆ మానును పట్టుకుని ఊగింది. వినడానికి అక్కడ మనిషి లేడు.

తర్వాత కోడలు గుర్తొచ్చింది. కోడలి కడుపు గుర్తొచ్చింది. నాగులమ్మ చెంగుతో కళ్లూ ముక్కూ తుడుచుకుని లేచింది.

పోయినవాడి తెప్పమాను ఒడ్డుకొస్తే పెద్దకాపుకు చెప్పాలి. పసుపు కుంకుమ పెట్టి గంగమ్మకు తిరిగి ఇవ్వాలి. పొయ్యిలో పెట్టడమంటే మహాపాపం. ఇదంతా ఆమెకు తెలియనిదా? పది మందికి చెప్పే మనిషి. అయినా గొడ్డలి ఎత్తింది. చెప్తే పాలెమంతా గొల్లుమంటుంది, చెంచమ్మ వింటుంది, కడుపులో బిడ్డ పోతుంది. కొడుకును ఎట్లాగూ పోగొట్టుకుంది, వాడి బిడ్డనన్నా దక్కించుకోవాలి. పాపం తగిలితే తనకే తగలనీ.

గాట్లున్న తలకాయను మూరెడు ముక్కగా నరికింది. మిగతాది చీల్చి రెండు మోపులు చేసింది. కానీ ఆ మూరెడు ముక్కను ఏం చెయ్యాలి? సముద్రంలోకి విసిరితే గంటలో ఇంకోచోట ఒడ్డుకొస్తుంది, ఎవరో ఒకరు చూస్తారు. ముందు దాన్నే కాల్చేసి ఉంటే పీడా పోయేది. అది మాత్రం చేతకాలేదు ఆమెకు. కొడుకు చేత్తో చెక్కిన గాటును మంటలో పెట్టడానికి ఏ తల్లికి చేతులొస్తాయి? చెంగులో దాచి తెచ్చి, గుడిసె వెనక మొగలిపొద పక్కన చేతులతో గుంట తీసి పూడ్చిపెట్టింది. పైన ఇసక చదును చేసింది. అదే ఆమె చేసిన తప్పు. అన్నీ తెలిసిన నాగులమ్మకు, ఆ గాలి ఇసకను ఒకచోట ఉంచదన్న ఆలోచన ఆ పూట రాలేదు.

కట్టె తడి తడిగా చిటపటమని రాజుకుంది. ఉప్పు తాగిన కట్టె గదా, మంట అంచులు నీలంగా లేచాయి.

"ఈ కట్టె యాడిదత్తా?" అని అడిగింది చెంచమ్మ.

"ఒడ్డుకు కొట్టుకొచ్చింది మే. ఏదో ఓడది అయ్యుంటాది. దగ్గరికొచ్చి కూసో, చలి కాచుకో."

చెంచమ్మ వచ్చి చేతులు చాపి కూర్చుంది. ఆ మంట వెలుగులో పిల్ల మొహం చూడలేకపోయింది నాగులమ్మ. లేచి కుండ సర్దుతున్నట్టు అటు తిరిగింది.

శుక్రవారం నుంచి చెంచమ్మ వాలకం మారింది. కూడు పెడితే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేస్తుంది. మాటిమాటికీ గుడిసె వెనక్కి పోతుంది. వచ్చాక చూస్తే గోళ్లనిండా ఇసక.

"ఎందుకే ఆ గాల్లోకి పోతావు? నెలలు నిండినదానివి, పడితే ఏం గాను?"

"ఊరకే అత్తా. కూసుంటే నడుము పట్టేస్తా ఉండాది."

"బిడ్డ కదలతా ఉండాడా?"

"ఆఁ, కదలతా ఉండాడు."

ఆ ఒక్క మాటకే నాగులమ్మ బతికింది ఆ మూడు రోజులూ. పొద్దున అడిగేది, మధ్యాహ్నం అడిగేది, సందకాడ అడిగేది. కదలతా ఉండాడు, కదలతా ఉండాడు. ఆమె ఒక మోపు ఖర్చు చేసి రెండో మోపు విప్పింది. ఒక్కో చెక్కా పొయ్యిలో పెట్టేటప్పుడు నోట్లో కొడుకు పేరు అనుకునేది. పైకి మాత్రం "మీ ఆయనకు బెల్లమంటే పిచ్చి గదా, రాగానే బియ్యం పరమాన్నం చెయ్యాల" అని కోడలికి వినపడేటట్టు చెప్పేది. చెంచమ్మ "అట్టనే అత్తా" అనేది. తన మాటలు ఇంత బాగా నమ్ముతోందే పిచ్చితల్లి అని నాగులమ్మ లోపల కుమిలిపోయింది.

కామమ్మ రోజూ వచ్చి చూస్తానంది. చెంచమ్మే రానివ్వలేదు. "నొప్పులొస్తే పిలుస్తాలే అత్తా, చలికి నువ్వెందుకు రావడం" అని గడపలోనే పంపించేసింది.

శనివారం పెద్దకాపు ముత్యాలయ్య వచ్చాడు. గుమ్మం ముందర నిలబడి, లోపలికి చూడకుండా చెప్పాడు.

"నాగులక్కా, ఆరు రోజులయింది. నీళ్లు లేకండా, కూడు లేకండా, ఈ చలిలో... నేను చెప్పేదేముండాది. పెద్దదానివి. సోమవారానికి పొయ్యి ఆర్పేయాల."

నాగులమ్మ బయటికి ఉరికింది. "ఎవడి పొయ్యి ఆర్పమంటా ఉండావురా? నా కొడుకు గాలివాటాన దక్షిణం కొట్టుకుపొయ్యుంటాడు. సూళ్లూరుపేట దిక్కు యాడో ఒడ్డెక్కుంటాడు. చలి తగ్గినాక రైలెక్కి వస్తాడు. నీ నోటితో ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను!"

ఆమె అంత గట్టిగా అరిచింది ఆయన కోసం కాదు. లోపల పడుకున్న పిల్లకు వినపడాలని. ముత్యాలయ్య ఆమె కళ్లలోకి చూశాడు, ఏమర్థమయిందో, తల దించుకుని వెళ్లిపోయాడు. నాగులమ్మ లోపలికి వచ్చేసరికి చెంచమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

ఆదివారం రోజంతా అదే గాలి. సోమవారం తెల్లవారుజామున మాత్రం ఎవరో చేత్తో పట్టి ఆపినట్టు ఆగిపోయింది. చెవులు గింగురుమన్నాయి. కాకులు అరిచాయి. ఎనిమిది రోజుల తర్వాత పాలెంలో మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకున్నారు. మగవాళ్లు నవ్వుకుంటూ తెప్పలు కట్టుకుని సముద్రం మీదికి పోతున్నారు. వాళ్ల నవ్వులు వింటే నాగులమ్మకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల తప్పేముంది, పిల్లల కడుపులు మాడి ఉన్నాయి. అయినా మండింది.

పొయ్యిలో ఆఖరి చెక్క సగం కాలింది. కట్టె అయిపోయింది. నాగులమ్మ గుడిసె వెనక్కి పోయింది, మొగలిపొద దగ్గరికి. గురువారం పూడ్చిన తర్వాత మళ్లీ అటు తొంగి చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని భయం.

ఇసక ఆమె చదును చేసినట్టు లేదు. దిబ్బలాగా ఎత్తుగా పోసి ఉంది. దాని మీద తాటాకు ముక్క, ఎగిరిపోకుండా దాని మీద పగిలిన కుండ పెంకులు. చుట్టూ ఇసకలో అరచేతుల గుర్తులు. గాలి ఆగాక పడినవి గనక చెరిగిపోలేదు. చిన్న చేతులవి. గాజులు ఒత్తుకున్న గీతలు కూడా ఉన్నాయి.

నాగులమ్మ ఆ గుర్తుల పక్కన కూర్చుంది. వెనక అడుగుల చప్పుడయింది.

"రోజూ పైకొస్తా ఉండిందత్తా" అంది చెంచమ్మ. గొంతులో తడి లేదు. "శుక్రవారం పొద్దున ఇటొస్తే గాట్లు కనపడినాయి. పూడ్చినా. సందకాడ చూస్తే మళ్లీ గాలికి పైకి తేలింది. మళ్లీ పూడ్చినా. మూడు నాళ్లూ అదే పని."

"నీకు తెలిసే... తెలిసే ఆ మంట కాడ కూసున్నావా తల్లీ!"

"నువ్వు నా కోసరం అంత అవస్థ పడి దాస్తా ఉంటే, నేను చూసేసినానని ఎట్టా చెప్పేది? పొమ్మనింది నేనేనని నీలో నువ్వు గొణుక్కుంటా ఉంటే రోజూ వింటా ఉండా. నాకు తెలిసిందని తెలిస్తే నువ్వు నిలవవు అనుకున్నా."

నాగులమ్మ కోడలి కాళ్లు పట్టుకుంది. పట్టుకుని వలవలా ఏడ్చింది. ఏడుస్తూనే తల పైకెత్తి, "పోనీ మే, నువ్వు గట్టిదానివి, తట్టుకున్నావు. వాడి బిడ్డన్నా దక్కినాడు, అదే చాలు. వాడు పుడితే..." అని ఇంకా ఏదో అనబోయింది.

చెంచమ్మ వంగలేక వంగి, అత్త చేతిని తీసి తన కడుపు మీద పెట్టుకుంది. చాలాసేపు అట్లాగే పట్టుకుంది. నాగులమ్మ చేతికింద కడుపు చల్లగా, గట్టిగా ఉంది. ఏమీ లేదు.

"శుక్రవారం నుంచి కదల్లా" అంది చెంచమ్మ.

"మరి అడిగినప్పుడల్లా కదలతా ఉండాడంటివే!"

"నువ్వు మాత్రం నాకు నిజం చెప్పినావా అత్తా?"

నాగులమ్మ కేక వేసింది. కామమ్మ జుట్టు కూడా ముడుచుకోకుండా పరిగెత్తుకొచ్చింది. చెంచమ్మను లోపల చాప మీద పడుకోబెట్టి, కడుపు మీద చెవి ఆనించి, అటు ఇటు మార్చి మార్చి విన్నది. లేచి నాగులమ్మ మొహం చూడకుండా పైట బిగించుకుంది.

"దీన్నన్నా దక్కించుకుందాం వదినా. బిడ్డను బయటికి తియ్యాల, ఇప్పుడే. వేణ్ణీళ్లు కావాల, కడవ నిండా. పొయ్యి ఎగదొయ్యి."

"కట్టె లేదే కామమ్మా."

"నా ఇంట్లో ఈనె పుల్ల కూడా లేదు, పొయ్యి రాజేసి నాలుగు నాళ్లయింది. ఏదో ఒకటి తే వదినా, పో! నిలబడేదానికి టైము లేదు."

పాలెంలో ఎవరింట్లో మాత్రం ఏముంది? తోపుకు పోయి రావాలంటే మధ్యాహ్నమవుతుంది. నాగులమ్మ గుడిసె వెనక్కి పోయి కుండ పెంకులు తీసేసింది. తాటాకు తీసేసింది. కోడలి చేతి గుర్తుల మీదే చేతులు పెట్టి ఇసక తోడింది. నాలుగు నాళ్లుగా గాలికి తేలుతూ ముక్క బాగా ఆరింది, తేలికగా ఉంది. గొడ్డలి తీసుకుని మూడు చీలికలుగా చీల్చింది.

పొయ్యి ముందర కూర్చుని, కడవ ఎత్తిపెట్టి, మొదటి చీలిక పెట్టింది. రెండోది పెట్టింది. మూడోదానిలో కొడుకు గాటు ఉంది. దాన్ని కొంగుతో తుడిచి, లోపల చెంచమ్మ మూలుగుతుంటే వింటూ, అది కూడా పెట్టింది. మంట మళ్లీ నీలంగా లేచింది. నీళ్లు కాగడానికి ఇంక ఎక్కువసేపు పట్టదు.